ఎదురు కరెంటు: మందు కొట్టే పంపుల బెంచి సప్లైకి రక్షణ – ప్రాజెక్టు డైరీ

ఈ పవర్ సప్లై హనుమకొండలో మా వర్క్‌షాపు బల్ల మీద రోజూ పనిచేసేది. వానాకాలంలో పత్తికి, ఆ తర్వాత మిరపకు మందు కొట్టే బ్యాటరీ పంపులే మా దగ్గరికి ఎక్కువగా వస్తాయి. ఒక్కో పంపులో 12 వోల్టులు, 8 ఆంపియర్-అవర్ల సీల్డ్ లెడ్ బ్యాటరీ ఒకటి, 12 వోల్టుల డయాఫ్రమ్ పంపు మోటారు ఒకటి ఉంటాయి. మొదటిది శక్తిని నిల్వ చేసుకునే లోడు, రెండోది కాయిల్ ఉన్న లోడు. కరెంటు ఇవ్వడం మాత్రమే తెలిసిన సప్లైకి ఈ రెండూ కరెంటును వెనక్కి ఇవ్వగలవు. అలా వెనక్కి వచ్చినప్పుడు ఏమేం కాలిపోయాయో, ఏ భాగాన్ని ఎక్కడికి మార్చానో వరుసగా రాస్తున్నాను. ఇదే సర్క్యూటు కట్టుకునేవారు కనీసం నేను కాల్చినవాటినైనా కాల్చకుండా ఉండాలి.

సప్లైలో ఉన్నవి ఇవి: 18 వోల్టులు, 5 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్, ఏసీని డీసీగా మార్చే 25 ఆంపియర్ల బ్రిడ్జి, సమాంతరంగా రెండు 4700 మైక్రోఫారడ్ కెపాసిటర్లు, హీట్‌సింకు మీద వోల్టేజిని నిలకడగా ఉంచే లోహపు టోపీ రకం ఎల్‌ఎమ్338 రెగ్యులేటర్, ఆ వోల్టేజిని నిర్ణయించే 120 ఓమ్‌ల రెసిస్టరు, 2 కిలో ఓమ్‌ల తిప్పుడు రెసిస్టరు (పాటు), అవుట్‌పుట్ దగ్గర 10 మైక్రోఫారడ్‌ల కెపాసిటరు. లోడు లేనప్పుడు పెద్ద కెపాసిటర్ల మీద 23.8 వోల్టులు ఉంటాయి.

దశ 0: ఏం కాలింది

పరకాల వైపు నుంచి వచ్చిన ఒక రైతు తన పంపును బల్ల మీద పెట్టి, "అన్నా, పంపు మంచిగనే కొడుతుంది, బ్యాటరీ ఒక్కటే జల్ది దిగిపోతున్నది, జర చూడు" అన్నాడు. నేను సప్లై స్విచ్ వేయకుండానే క్లిప్పులను బ్యాటరీకి తగిలించాను. క్లిప్పు దగ్గర ఎప్పుడూ వచ్చే చిన్న నిప్పురవ్వ కాదు, చిటుక్కుమని శబ్దం వచ్చింది. అయినా పట్టించుకోలేదు. స్విచ్ వేసి ఒక నిమిషం మీటరు చూడకుండా ఉన్నాను. ఆ నిమిషంలో రెగ్యులేటర్ గుండా 23 వోల్టులు నేరుగా బ్యాటరీ మీదికి, దానికి కలిపే ఉన్న పంపు స్పీడు కంట్రోలు బోర్డు మీదికి వెళ్లాయి. బోర్డు మీది మాస్‌ఫెట్ (మోటారు కరెంటును కలిపి విడదీసే ట్రాన్సిస్టరు) పగిలి, దాని కింద రాగి పట్టీ లేచిపోయింది.

తీసి కొలిస్తే ఎల్‌ఎమ్338 ఇన్‌పుట్‌కూ అవుట్‌పుట్‌కూ మధ్య 0.4 ఓమ్‌లు మాత్రమే ఉన్నాయి, అంటే లోపల పూర్తిగా షార్టు.

కారణం తేలడానికి రెండు రోజులు పట్టింది. సప్లై ఆపి ఉన్నప్పుడు పెద్ద కెపాసిటర్లు ఖాళీగా ఉంటాయి. అప్పుడు 12.7 వోల్టుల బ్యాటరీని అవుట్‌పుట్‌కు కలిపితే, అది రెగ్యులేటర్ గుండా వెనక్కి వెళ్లి ఆ 9400 మైక్రోఫారడ్‌లను ఒక్కసారిగా నింపుతుంది. వైర్లు, క్లిప్పులు, బ్యాటరీ లోపలి నిరోధం అన్నీ కలిపి నా దగ్గర 0.14 ఓమ్‌లు వచ్చాయి. ఆ లెక్కన మొదటి క్షణంలో కరెంటు 80 ఆంపియర్లు దాటుతుంది. ఎల్‌ఎమ్338 డేటాషీటు ఆ దారిలో 25 ఆంపియర్ల తాకిడిని తట్టుకుంటుందని చెబుతుంది. అవుట్‌పుట్ కెపాసిటరు 100 మైక్రోఫారడ్‌లు, వోల్టేజి 15 మించకపోతే రక్షణ డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగం) అక్కర్లేదని కూడా చెబుతుంది. నా కెపాసిటరు 10 మైక్రోఫారడ్‌లే కదా అని డయోడ్ మానేశాను. ఆ మాట సప్లై లోపలి కెపాసిటరుకే వర్తిస్తుందనీ, బయట తగిలించే బ్యాటరీ అంతకంటే ఎన్నో రెట్లు పెద్ద కెపాసిటరు లాంటిదనీ ఆలోచించలేదు.

ఏ లోడులో ఎంత శక్తి ఉందో అప్పుడే లెక్క వేసి గోడ మీద అతికించాను:

1. పంపు మోటారు వైండింగు, 0.9 మిల్లీహెన్రీలు, 2.4 ఆంపియర్ల దగ్గర: 0.0026 జౌళ్లు.
2. సప్లై లోపలి 9400 మైక్రోఫారడ్‌లు, 12.7 వోల్టుల దగ్గర: 0.76 జౌళ్లు. 23.8 వోల్టుల దగ్గర సుమారు 2.7 జౌళ్లు.
3. నిండుగా ఉన్న 8 ఆంపియర్-అవర్ల బ్యాటరీ: 3,45,600 జౌళ్లు.

కాయిల్ వోల్టేజిని ఎగదోస్తుంది, కానీ దానిలో శక్తి చాలా తక్కువ. బ్యాటరీ వోల్టేజి పెరగదు, కానీ దాని శక్తికి ఇప్పట్లో అంతు ఉండదు. ఈ రెండింటికీ ఒకే మందు పనికిరాదు. ఆ తర్వాత పెట్టిన ప్రతి భాగం దగ్గరా ఒకే ప్రశ్న వేసుకున్నాను: ఇది మళ్లించిన శక్తి చివరికి ఎక్కడికి పోతుంది?

లోహపు టోపీ ఎల్‌ఎమ్338 వరంగల్‌లో దొరకలేదు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ నుంచి రెండు తెప్పించాను. రైతు పంపుకు కొత్త బోర్డు నా ఖర్చుతోనే వేశాను.

ఖర్చు: రెగ్యులేటర్లు 420, పంపు బోర్డు 250. ఇప్పటివరకు మొత్తం 670 రూపాయలు.
కాలినవి: ఎల్‌ఎమ్338 ఒకటి, పంపు బోర్డు ఒకటి.

దశ 1: అందరూ చెప్పే డయోడ్

1. రెగ్యులేటర్ అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కు 1ఎన్5408 డయోడ్ వేశాను. గీత ఉన్న కొస ఇన్‌పుట్ వైపు.
2. మొదటిసారి సిరీస్ బోర్డులో (సప్లైకి వరుసలో బల్బు పెట్టి కరెంటును అదుపు చేసే బోర్డు) 100 వాట్ల బల్బు పెట్టి స్విచ్ వేశాను.
3. సప్లై ఆపి, బ్యాటరీని పదిసార్లు కలిపి తీశాను.

రెగ్యులేటర్ బతికింది. 1ఎన్5408 మామూలుగా 3 ఆంపియర్లదే అయినా, ఒక అర్ధ సైకిల్ పాటు 200 ఆంపియర్లను తట్టుకుంటుంది. కాబట్టి ఈ తాకిడి దానికి లెక్క కాదు.

కానీ మెయిన్స్ ఆపి ఉన్న సప్లైలో పైలట్ దీపం వెలిగింది, ఫ్యాను తిరిగింది. డయోడ్ రెగ్యులేటర్‌ను కాపాడి, బ్యాటరీ శక్తిని తీసుకెళ్లి పెద్ద కెపాసిటర్ల మీద పెట్టింది. అక్కడి నుంచి ఫ్యాను తాగుతోంది. మీటరు వరుసలో పెట్టి చూస్తే 140 మిల్లీఆంపియర్లు. ఒక రాత్రి అలాగే వదిలేస్తే 12.72 వోల్టుల బ్యాటరీ తెల్లవారేసరికి 12.38కి దిగింది. వర్షం పడి రాత్రి కరెంటు పోయిన ప్రతిసారీ రైతుల బ్యాటరీలు మా బల్ల మీదే ఖాళీ అవుతూ ఉంటే దాన్ని రక్షణ అనడానికి నాకు మనసొప్పలేదు.

ఖర్చు: డయోడ్లు రెండు, 10 రూపాయలు. మొత్తం 680.

దశ 2: ఒకే డయోడ్, మూడు చోట్లు

కరెంటు వెనక్కి రాకుండా వరుసలో ఒక డయోడ్ పెట్టాలి. అందుకు తక్కువ వోల్టేజి తినే రకం డయోడ్, ఎంబీఆర్2045 షాట్కీ తీసుకున్నాను. అందులోని రెండు డయోడ్లనూ కలిపి వాడితే 3 ఆంపియర్ల దగ్గర 0.41 వోల్టులు మాత్రమే పడ్డాయి.

మొదటి చోటు, రెగ్యులేటర్ తర్వాత, అవుట్‌పుట్ టెర్మినల్‌కు ముందు. బ్యాటరీ కరెంటు పూర్తిగా ఆగింది. అయితే లోడు లేనప్పుడు 12.00 ఉన్న వోల్టేజి 3 ఆంపియర్ల దగ్గర 11.78 అయింది. పంపు మోటారుకు ఈ తేడా పర్వాలేదు. బ్యాటరీ చార్జింగుకు మాత్రం పనికిరాదు. సీల్డ్ లెడ్ బ్యాటరీని నిలకడగా ఉంచాల్సింది 13.5 నుంచి 13.8 వోల్టుల మధ్య. చార్జింగు చివర్లో కరెంటు తగ్గే కొద్దీ డయోడ్ మీద పడే వోల్టేజి కూడా తగ్గి, బ్యాటరీ మీదికి వచ్చే వోల్టేజి తనంతట తాను 0.2 పెరుగుతుంది. హెచ్చుతగ్గులకు ఉన్న చోటే 0.3 వోల్టులు, అందులో 0.2 ఈ డయోడే తినేస్తోంది.

రెండో చోటు నా సొంత తెలివి, అది పెద్ద పొరపాటు. డయోడ్ తర్వాతి బిందువు నుంచే రెగ్యులేటర్‌కు కొలత అందితే తేడాను అదే సరిచేసుకుంటుందని అనుకుని, 120 ఓమ్‌ల రెసిస్టరు పై కొసను డయోడ్ తర్వాతి వైపుకు మార్చాను. 3 ఆంపియర్ల లోడు పెట్టగానే 12.00 వోల్టులు 9.6కి పడిపోయాయి. కారణం కాగితం మీద గీసుకుంటే తెలిసింది. ఎల్‌ఎమ్338 తన అవుట్‌పుట్ కాలికీ, వోల్టేజిని నిర్ణయించే అడ్జస్ట్ కాలికీ మధ్య 1.25 వోల్టులను కాపాడుతుంది; నేను డయోడ్‌ను ఆ 1.25 లోపలికి తెచ్చి పెట్టాను. డయోడ్ మీద 0.2 వోల్టులు ఎక్కువ పడితే రెసిస్టరు మీద అంతే తగ్గుతుంది. ఆ తగ్గింపు అవుట్‌పుట్ దగ్గరికి వచ్చేసరికి పదకొండు రెట్లకు పైగా అవుతుంది. వేరే కొలత వైర్లు ఉండే సప్లైలలో ఈ ఉపాయం పనిచేస్తుంది. మూడు కాళ్ల రెగ్యులేటర్లతో మాత్రం చేయకండి.

మూడో చోటు, రెగ్యులేటర్‌కు ముందు. పెద్ద కెపాసిటర్లకూ రెగ్యులేటర్ ఇన్‌పుట్ కాలికీ మధ్య షాట్కీని పెట్టి, ఆ కాలి దగ్గర 1 మైక్రోఫారడ్ కెపాసిటరు ఒక్కటే ఉంచాను. దశ 1 డయోడ్ అలాగే ఉంది, ఎందుకంటే ఇన్‌పుట్ కాలు ఎప్పుడూ అవుట్‌పుట్ కాలి కంటే మరీ కిందికి దిగకూడదు. ఇప్పుడు బ్యాటరీ వెనక్కి వచ్చినా ఆ ఒక్క మైక్రోఫారడ్‌ను నింపి ఆగిపోతుంది. డయోడ్ మీద పడే వోల్టేజిని రెగ్యులేటరే సర్దుకుంటుంది: లోడు లేకుండా 12.00, 3 ఆంపియర్ల దగ్గర 11.96.

ఇన్‌పుట్‌లో దాదాపు అర వోల్టు పోయినట్లే కాబట్టి దాన్నీ చూశాను. సాయంత్రం మా లైన్లో వోల్టేజి 205కి దిగినప్పుడు, 3 ఆంపియర్ల దగ్గర కెపాసిటర్ల మీది అలల అట్టడుగు 17.1 వోల్టులు. డయోడ్‌కు 0.4, రెగ్యులేటర్‌కు 2.5 తీసేసినా 14 వోల్టులు మిగులుతున్నాయి. సరిపోతుంది.

బ్యాటరీ నుంచి పోయే కరెంటు 140 నుంచి 11 మిల్లీఆంపియర్లకు తగ్గింది. ఆ మిగిలినది వోల్టేజి నిర్ణయించే రెసిస్టర్ల గుండా పోయేది.

ఇదే దశలో ఇంకో చిన్న మార్పు చేశాను. పాటుకు సమాంతరంగా 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టరు వేస్తే గరిష్ఠ వోల్టేజి 15.9 దగ్గర ఆగింది. మా బల్ల మీద 12 వోల్టుల సామానే ఉన్నప్పుడు 20 వోల్టులు ఇవ్వగలగడం ప్రమాదమే.

ఖర్చు: షాట్కీ 45, దానికి చిన్న హీట్‌సింకు, మైకా 60. మొత్తం 785.

దశ 3: క్రోబార్, కాలిన వైర్లు

రెగ్యులేటర్ మళ్లీ ఎప్పుడైనా షార్టయితే 23.8 వోల్టులు బయటికి రాకూడదు. దానికి క్రోబార్ పెట్టాలి. వోల్టేజి హద్దు దాటగానే ఎస్‌సీఆర్ (గేటు కాలికి వోల్టేజి అందగానే 'వెలిగే', అంటే కరెంటుకు దారి ఇచ్చే, స్విచ్ లాంటి భాగం) అవుట్‌పుట్‌ను షార్టు చేస్తుంది, ఫ్యూజు పోతుంది. టీవైఎన్612 ఎస్‌సీఆర్‌ను అవుట్‌పుట్ టెర్మినళ్ల మీదే పెట్టి, గేటుకు 15 వోల్టుల జీనర్ (ఆ వోల్టేజి దాటితేనే కరెంటును వదిలే డయోడ్) ఇచ్చాను.

నాలుగో రోజు బ్యాటరీ చార్జింగులో ఉండగానే అదే క్లిప్పులకు పంపు మోటారు కూడా కలిపి, దాని స్విచ్ ఆపాను. మోటారు నుంచి వచ్చిన క్షణికమైన పోటుకు ఎస్‌సీఆర్ వెలిగింది. సప్లై ఫ్యూజు వెంటనే పోయింది, సర్క్యూటు పని అది చేసింది. బ్యాటరీకి మాత్రం ఫ్యూజు లేదు. ఎస్‌సీఆర్ ఒకసారి వెలిగాక కరెంటు ఆగేదాకా ఆరదు. బ్యాటరీ తన శక్తినంతా దాని గుండా కుమ్మరించడం మొదలుపెట్టింది. ఎర్ర వైరు మీది ప్లాస్టిక్ ముందు నిగనిగలాడింది, తర్వాత బుడగల్లా ఉబ్బింది, తర్వాత బల్ల చెక్కకు అంటుకుని పొగ వచ్చింది. కటింగ్ ప్లేయరుతో క్లిప్పును లాగేసేసరికి నాలుగైదు సెకన్లు పట్టింది. చేతితో పట్టుకుని ఉంటే అరచేయి కాలేది.

తప్పు ఎస్‌సీఆర్‌ది కాదు, దాన్ని పెట్టిన చోటుది. సప్లైని షార్టు చేయాల్సినది బ్యాటరీని షార్టు చేసింది. మార్చిన తీరు ఇది:

1. పెద్ద కెపాసిటర్ల తర్వాత 5 ఆంపియర్ల ఫ్యూజు.
2. ఫ్యూజు తర్వాత, షాట్కీకి ముందు ఎస్‌సీఆర్. దానితో వరుసలో 0.22 ఓమ్, 10 వాట్ల వైరువౌండు రెసిస్టరు. లేకపోతే కెపాసిటర్లలోని 2.7 జౌళ్లూ ఎస్‌సీఆర్ మీదే పడతాయి.
3. గేటుకు కొలత మాత్రం అవుట్‌పుట్ టెర్మినల్ నుంచే, 16 వోల్టుల జీనర్ గుండా.
4. గేటు దారిలో 100 ఓమ్‌లు, గేటుకూ క్యాథోడ్‌కూ మధ్య 1 మైక్రోఫారడ్, దానికి సమాంతరంగా 1 కిలో ఓమ్. ఒకటి రెండు పదుల మైక్రోసెకన్ల పోట్లకు ఇది కదలదు.

ఇప్పుడు ఎస్‌సీఆర్ వెలిగినా, షాట్కీ అడ్డుగా ఉండడం వల్ల బ్యాటరీ దాని దాకా రాలేదు. పాత కాలిన ఎల్‌ఎమ్338ను, ఆ షార్టయినదాన్నే, సాకెట్లో పెట్టి, అవుట్‌పుట్‌కు బ్యాటరీ కాకుండా ఒక 21 వాట్ల బ్రేకు లైటు బల్బు పెట్టి స్విచ్ వేశాను. బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోయింది, ఫ్యూజు పోయింది. ఆ తర్వాత మంచి రెగ్యులేటర్ పెట్టి, బయటి నుంచి వోల్టేజిని మెల్లగా పెంచుతూ చూస్తే 16.9 దగ్గర వెలుగుతోంది. కాలిన భాగాన్ని పారేయకండి. పరీక్షకు దానంత నిజాయితీగల సాక్షి ఇంకొకటి దొరకదు.

ఖర్చు: ఎస్‌సీఆర్‌లు రెండు 80, జీనర్ 5, వైరువౌండు 20, ఫ్యూజులు, హోల్డరు 40, వైర్లు, క్లిప్పులు 120. మొత్తం 1,050.
కాలినవి: ఎల్‌ఎమ్338 ఒకటి, పంపు బోర్డు ఒకటి, ఎస్‌సీఆర్ ఒకటి, క్లిప్పు వైరు జత ఒకటి.

దశ 4: రిలే, మోటారు పోటు

మిగిలిన 11 మిల్లీఆంపియర్లను కూడా ఆపడానికి అవుట్‌పుట్‌లో రిలే పెట్టాను. మెయిన్స్ ఉంటేనే అది కలిసి ఉండాలి. అందుకే 24 వోల్టుల కాయిల్ ఉన్న రిలేను షాట్కీకి ముందు వైపు, ఫ్యాను ఉన్న చోటే కలిపాను. షాట్కీ తర్వాత కలిపి ఉంటే బ్యాటరీయే ఇన్‌పుట్ కాలి మీదుగా రిలేకు కరెంటు ఇస్తూ ఉండేది. కరెంటు పోయినా రిలే తెరుచుకునేది కాదు. ఇప్పుడు మెయిన్స్ పోయిన ఒక సెకనుకు కాస్త అటూ ఇటుగా టక్కున వదులుతోంది. రిలే కాయిల్ కూడా ఇండక్టివ్ లోడే, దాని మీద 1ఎన్4007 వేయడం మరిచిపోకూడదు.

తర్వాత మోటారు. నా దగ్గరున్నది కిట్‌గా వచ్చిన చిన్న ఆసిలోస్కోపు. దాని ఇన్‌పుట్ 50 వోల్టులు దాటకూడదు కాబట్టి పదో వంతు ప్రోబుతో చూశాను. అది సెకనుకు పది లక్షల నమూనాలే తీస్తుంది, అందువల్ల మైక్రోసెకను కంటే సన్నని శిఖరాలు దానికి కనబడవు. ఇక్కడ రాసినవి కనీస విలువలే అని గుర్తుంచుకోవాలి.

పంపు 2.4 ఆంపియర్లతో నడుస్తుండగా మెయిన్స్ ఆపితే, రిలే వదిలిన క్షణంలో టెర్మినల్ మీద మైనస్ 38 వోల్టులు కనబడ్డాయి. కాయిల్ తన కరెంటు ఆగకూడదని ప్రయత్నిస్తుంది, అందుకే ప్లస్ టెర్మినల్ మైనస్ కంటే కిందికి పోతుంది. అవుట్‌పుట్ మీద తిరగేసిన డయోడ్ ముందే పెట్టి ఉంచాను. అయినా ఇలా ఎందుకు వచ్చిందని చూస్తే, డయోడ్ రిలేకు సప్లై వైపు ఉంది. రిలే తెరుచుకోగానే మోటారు ఒకవైపు, డయోడ్ ఇంకోవైపు అయిపోయాయి. సప్లైకి ఏమీ కాలేదు గానీ ఆ శక్తి అంతా రిలే కాంటాక్టుల మధ్య నిప్పురవ్వగా ఖర్చవుతోంది. మూత తీసి చూస్తే కాంటాక్టు మీద నల్లటి మచ్చ ఏర్పడింది.

డయోడ్‌ను టెర్మినళ్ల స్క్రూల మీదికే మార్చాను. పరీక్షలో మైనస్ 0.9 వోల్టులు. మచ్చను మెత్తటి ఎమెరీ కాగితంతో తుడిచాక తర్వాతి యాభై ఆపివేతల్లో మళ్లీ రాలేదు.

పైకి వచ్చే పోట్ల కోసం అదే చోట 1.5కేఈ20ఎ టీవీఎస్ డయోడ్ (హద్దు దాటిన పోటును తనలోకి తీసుకునేది) పెట్టాను. 17.1 వోల్టుల దాకా అది మౌనంగా ఉంటుంది, మా గరిష్ఠం 15.9 కాబట్టి రోజువారీ పనిలో జోక్యం చేసుకోదు. టీవీఎస్ మిల్లీసెకన్ల తాకిడికి పుట్టినది. ఎవరైనా 24 వోల్టుల బ్యాటరీని తగిలిస్తే అది కాసేపటికే షార్టయిపోతుంది, దాన్ని ఆపడం ఫ్యూజు పని.

కారు రేడియేటరు ఫ్యానుతో కూడా చూశాను. 13 వోల్టుల దగ్గర నడుస్తుండగా పాటును 6కి తిప్పితే మీటరు వెంటనే దిగలేదు, నాలుగు సెకన్లు పట్టింది. ఫ్యాను తిరుగుతున్నంతసేపు అదే జనరేటరు. ఆ శక్తి సప్లైలోకి రాలేదు కాబట్టి అలాగే వదిలేశాను.

ఖర్చు: రిలే, బేసు 140, 6ఎ10 డయోడ్ 15, టీవీఎస్ 40, 1ఎన్4007 2. మొత్తం 1,247.

దశ 5: తిరగేసి తగిలించిన బ్యాటరీ

టెర్మినల్ మీది డయోడ్‌గా 1ఎన్5408 బదులు 6ఎ10 ఎంచుకున్నది ఇందుకే. బ్యాటరీ తిరగబడితే మొత్తం షార్టు కరెంటు ఈ డయోడ్ గుండానే పోతుంది. 6ఎ10 ఒక అర్ధ సైకిల్‌కు 400 ఆంపియర్లు తట్టుకుంటుంది, కాబట్టి ఫ్యూజు ముందు పోతుందనే భరోసా ఉంటుంది. ఆటో స్పేర్ల దుకాణంలో దొరికే 7.5 ఆంపియర్ల గోధుమరంగు బ్లేడు ఫ్యూజును ఎర్ర వైరులో, టెర్మినల్ దగ్గర కాకుండా క్లిప్పుకు జానెడు దూరంలో పెట్టాను. శక్తి బ్యాటరీలో ఉంది కాబట్టి ఫ్యూజు కూడా బ్యాటరీ దగ్గరే ఉండాలి. దశ 3లో ఈ ఒక్క ఫ్యూజు ఉండి ఉంటే వైరు కాలేది కాదు.

పాత బ్యాటరీ ఒకటి తీసుకుని మూడుసార్లు తిరగేసి తగిలించాను. మూడుసార్లూ ఫ్యూజు పోయింది, డయోడ్ మిగిలింది, ఎల్‌ఎమ్338 మిగిలింది.

ఖర్చు: ఫ్యూజు హోల్డరు 60, ఫ్యూజులు ఐదు 50. మొత్తం 1,357 రూపాయలు.

ఇప్పుడున్న వరుస

1. ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జి, 9400 మైక్రోఫారడ్‌లు.
2. 5 ఆంపియర్ల ఫ్యూజు. దాని తర్వాత ఎస్‌సీఆర్, ఫ్యాను, దీపం, రిలే కాయిల్.
3. షాట్కీ.
4. ఎల్‌ఎమ్338, దాని మీదుగా 1ఎన్5408.
5. రిలే కాంటాక్టు.
6. టెర్మినళ్ల మీద 6ఎ10, టీవీఎస్.
7. ఎర్ర క్లిప్పు దగ్గర 7.5 ఆంపియర్ల బ్లేడు ఫ్యూజు.

ఎస్‌సీఆర్ గేటుకు కొలత తీసుకునే వైరు రిలేకు సప్లై వైపు ఉండాలి. దాన్ని టెర్మినల్ వైపే వదిలేశానని చివరి రోజు గమనించి మార్చాను. లేకపోతే రిలే తెరిచి ఉన్నప్పుడు, లేదా దాని కాంటాక్టు పాడైనప్పుడు, రెగ్యులేటర్ షార్టయినా ఎస్‌సీఆర్‌కు తెలియదు. మార్చిన తర్వాత 16.9 వోల్టుల పరీక్ష మళ్లీ చేశాను, అదే విలువ వచ్చింది. మెయిన్స్ ఆపి, నిండుగా ఉన్న బ్యాటరీని రాత్రంతా క్లిప్పులకే ఉంచాను: సాయంత్రం 12.74, పొద్దున 12.73.